ఇరవై ఒకటో ఆకు

బర్కా

ఒమాన్‌లో అడవి ఉందనీ, అందులో ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ చేరని చెట్టు ఒకటుందనీ, దాన్ని వెతకడానికి వెళ్తున్నాననీ చెబితే, మస్కట్ ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న మా అక్క నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేలాక, "సెలవు కావాలంటే కాస్త నమ్మేటట్టు అబద్ధమాడరా" అంది.

ఆమె తప్పేం లేదు. అప్పటికి నేను ఈ దేశం వచ్చి పద్నాలుగు నెలలైంది. ఖర్జూరం, నిమ్మ తప్ప మూడో చెట్టు చూడలేదు. బర్కా దగ్గర ఒక ప్రయోగ తోటలో గుమాస్తాని. పాలకొల్లు నుంచి మోసుకొచ్చిన వృక్షశాస్త్రం డిగ్రీ ట్రంకుపెట్టె అడుగున, ఉన్ని రగ్గుతో పాటు, ఎప్పుడూ పనికిరాని వస్తువుగా పడి ఉంది.

డెబ్బై తొమ్మిది ఆగస్టులో, రంజాన్ నెల సగం దాటాక, మిస్ హోల్‌బ్రుక్ అనే ఇంగ్లీషు దొరసాని మా తోటకు వచ్చింది. అరవై రెండేళ్లు. మొక్కల శాస్త్రవేత్త. మగవాళ్ల బూట్లు, మోకాలికి పట్టీ. కిందటేడు వానల్లో, దేశానికి దక్షిణపు కొసన ఉన్న ధోఫార్ కొండల్లో ఒక చెట్టు చూసిందట. కొమ్మ విరిచి లండన్ తీసుకెళ్లి, ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. కొత్త జాతి. కానీ చిక్కొకటుంది. తెచ్చిన పువ్వులన్నీ మగవి. మన తాళ్లలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉన్నట్టే ఈ చెట్టులోనూ ఆడ, మగ వేరు.

"ఆడపువ్వో, కాయో లేకుండా ఇది ఏ కుటుంబంలో చేరుతుందో చెప్పలేను. చెప్పలేని వాటి కోసం మా దగ్గర ఒక బీరువా ఉంది. అందులో పెట్టినదాన్ని మళ్లీ ఎవరూ తెరవరు" అంది. మోకాలు తట్టుకుని, "దీనికి ఇదే ఆఖరి వానాకాలం" అంది.

తోడుగా ఒక మనిషి కావాలంది. మా మేనేజరు ట్రంకుపెట్టెలో ఉన్న డిగ్రీని గుర్తుచేసుకున్నాడు.

నిజ్వా

మస్కట్ నుంచి ధోఫార్‌కు వెయ్యి కిలోమీటర్లు. విమానం ఉంది. కానీ ఆమె సామాను, అంటే అట్టలు, పాత కాగితాలు, చెక్క చట్రాలు, విమానంలో పట్టవు. లాండ్‌రోవర్‌లో వెళ్లాం. డ్రైవరు బర్కావాడే, సయీద్. నాతో ఉర్దూలో మాట్లాడతాడు. ఉపవాసంతో నడిపే మనిషి పక్కన కూర్చుని బిస్కట్లు తినడం ఎంత కష్టమో నిజ్వా చేరేలోపు తెలిసింది. తువ్వాలు కప్పుకుని నములుతుంటే సయీద్ అన్నాడు: "తిను భాయ్. నీ కడుపు నాది కాదు. కాకపోతే ఆ చప్పుడు తగ్గించు."

పగలు నిజ్వా బజారు నిద్రలో ఉంది. సాయంత్రం ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. అక్కడి హల్వా తాటాకు బుట్టలో పోసి ఇస్తారు. మా మాడుగుల హల్వాకు పెదతల్లి కూతురని చెప్పవచ్చు, కాకపోతే గులాబీ అత్తరు పూసుకుని వచ్చింది.

హైమా

హైమా గురించి రాయడానికి ఏమీ లేదు. హైమాలో కూడా ఏమీ లేదు. ఒక పెట్రోలు బంకు, ఒక రేకుల షెడ్డు, చుట్టూ నేల. మా వైపు అరటితోటల్లో పెరిగినవాడికి ఇంత ఖాళీ చూస్తే, ఎవరో సామాను ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంట్లో అడుగు పెట్టినట్టుంటుంది.

అక్కడ ఒక మర్యాద నేర్చుకున్నాను. ఉపవాసం విడిచే వేళకు ఒక లారీ డ్రైవరు వచ్చి మా చాప మీద కూర్చున్నాడు. సయీద్ అడిగాడు: "ఏం వార్తలు?"

"వార్తలేం లేవు. అంతా శుభం. నీ వైపు?"

"వార్తలేం లేవు. అంతా శుభం."

ఖర్జూరాలు తిన్నారు, మజ్జిగ తాగారు, నమాజు చేసుకున్నారు. అదంతా అయ్యాక ఆ లారీ డ్రైవరు నింపాదిగా చెప్పాడు, తన లారీ ముప్పై కిలోమీటర్ల అవతల బోల్తాపడిందని.

"మరి వార్తలేం లేవన్నాడే?" అన్నాను సయీద్‌తో.

"అన్నం ముందర చెబితే ఎవరు తింటారు? ముందు శుభం. తర్వాత లారీ."

మా ఊళ్లో అయితే లారీ బోల్తాపడకముందే వార్త వచ్చేస్తుంది.

కొండ అంచు

మూడో రోజు మధ్యాహ్నం దాకా ఎడారే. తర్వాత ఒక మలుపు తిరిగాం. అంతే, ఎండ ఆగిపోయింది. నేను అతిశయోక్తి రాయడం లేదు, గీత గీసినట్టు ఆగిపోయింది. ముందు అద్దం మీద తడి. పక్కన పచ్చగడ్డి, ఆవులు, మంచులో మునిగిన చెట్లు. సముద్రం మీంచి వచ్చే మేఘం మూడు నెలలు ఈ కొండకు ఆనుకుని కూర్చుంటుంది. వాన కురవదు, చెట్ల నుంచి కారుతుంది. కింద సలాలా ఊరు చూస్తే కోనసీమ: కొబ్బరి, అరటి, బొప్పాయి. కొబ్బరి బోండాం రెండు వందల బైసాలు, అంటే దాదాపు అయిదు రూపాయలు. ఇంటిదగ్గర ముప్పావలాకు తాగేదాన్ని అయిదు రూపాయలకు తాగుతూ ఇంటి మీద బెంగపడ్డాను. బెంగ కూడా ఇక్కడ ఖరీదే.

మర్నాడు పొద్దున కొండెక్కాం. సుల్తాను మీద తిరుగుబాటుదారులు ఇక్కడ చేసిన యుద్ధం ముగిసి మూడేళ్లు దాటినా కొండ మీద ఇంకా మందుపాతర్ల హెచ్చరికలున్నాయి. ఆవులు నడిచే దారి దాటి అడుగు వెయ్యకూడదు. పైన కొత్త రోడ్డు వేస్తున్న కంపెనీ తన రోడ్డు పట్టీ వరకూ పాతర్లు తీయించి నేల శుభ్రం చేయించుకుంది. అక్కడికి బయటివాళ్లను రానివ్వరు. మిగిలిన లోయలో మూడు రోజులు తిరిగాం.

చెట్టు కనిపించింది. నేనేదో దేవదారు లాంటిది ఊహించుకున్నాను. నా కంటే రెండు మూరలు ఎత్తు, బూడిద బెరడు, వంకర నడుం. సంతలో తప్పిపోయిన ముసలాయనలా ఉంది. ఆకు నలిపితే పచ్చి మామిడి జీడి వాసన. అలాంటివి పదకొండు దొరికాయి. దొరసాని ప్రతి చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని, పువ్వును భూతద్దంలో చూసి, ఒక్కటే మాట అనేది: "మగ." పదకొండు సార్లు. పదకొండోసారి లేవడానికి నా భుజం కావలసివచ్చింది.

ఆవులు కాసే ఒక ముసలాయన రాతి మీద కూర్చుని ఇదంతా చూశాడు. సయీద్ మా పని ఏమిటో చెప్పాడు: ఎవరికీ తెలియని చెట్టును కనిపెట్టామని.

"ఎవరికి తెలియదు?" అన్నాడు ఆయన. "దీని పొగతోనే మా అమ్మమ్మ పాలకుండలు కాచేది. పొగపెడితే పాలు విరగవు." దాని పేరు కూడా చెప్పాడు. గొంతులో, ముక్కులో, దవడ పక్కన ఎక్కడెక్కడో పుట్టే ధ్వనులవి. మన యాభైఆరు అక్షరాలూ చేతులెత్తేశాయి. ఆవులు దీని జోలికి రావనీ, పై దిక్కున రోడ్డు పని జరిగేచోట ఇంకా ఒకటి రెండు ఉండవచ్చనీ అన్నాడు. దొరసాని కంపెనీకి అనుమతి కోసం కాగితం పెట్టింది. ఈద్ సెలవుల తర్వాత చూస్తామన్నారు.

పోశెట్టి రూమ్

ఆ మంచులో కాగితం కూడా ఆరదు, కొమ్మలెక్కడ ఆరుతాయి? రెండో రోజుకే అట్టల మధ్య బూజు పట్టింది. పొడిగా ఉన్న జాగా ఊరి బయట ఒక్కటే దొరికింది: ఆ రోడ్డు కంపెనీ లేబర్ క్యాంపులో, రొట్టెలు కాల్చే పొయ్యి వెనక గది. అది చూపించినవాడు పోశెట్టి. జగిత్యాల దిక్కు మనిషి, నలభై ఏళ్లుంటాయి. సర్వేవాళ్ల వెంట సున్నం బకెట్ పట్టుకుని, రోడ్డుకు అడ్డంగా ఉన్నవాటి మీద తీసెయ్యాలని గుర్తులు గీసే డ్యూటీ. నా తెలుగు వినగానే బకెట్ కింద పెట్టేశాడు.

"చెట్ల సదువు సదివినవా సారూ? అయితే పత్రి ఎర్కనే గద?"

ఈద్ తెచ్చిన నెలవంకే చవితిని కూడా తెస్తుంది. ఈద్ వెళ్లిన రెండో నాడే వినాయక చవితి. రూమ్‌లో తొమ్మిదిమంది కలిసి, కల్వర్టు తవ్విన చోట దొరికిన బంకమట్టితో గణపతిని చేసి పెట్టుకున్నారు. ఉండ్రాళ్లలో బెల్లం బదులు ఖర్జూరం. అన్నీ కుదిరాయి, ఇరవై ఒక్క రకాల ఆకులు తప్ప.

"నేను క్రిస్టియన్ని అన్నా" అన్నాను.

"అయితేంది? నువ్వు చెట్ల సారువి."

నాకు ఊరుకోవడం చేతకాదు. "ఇరవై ఒకటేం ఖర్మ, నలభై రెండు తెస్తాను. మీ గణపతి రెండేళ్లు కూర్చోవచ్చు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వి మరిచిపోయాను. వాళ్లు మరిచిపోలేదు.

చవితి ముందురోజు సాయంత్రం లోయ నుంచి తెచ్చిన కొమ్మలన్నీ, మా మగచెట్టుతో సహా పదహారు రకాలు, నీళ్ల బకెట్‌లో పెట్టి పొయ్యిగదిలో ఉంచాను. పొద్దున్నే అట్టల్లో నొక్కాలని. పొద్దున వెళ్లేసరికి బకెట్‌లో నీళ్లు మాత్రం భద్రంగా ఉన్నాయి.

చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నింద పడుతుందంటారు. సలాలాలో ఆ నెలంతా ఆకాశమే లేదు. అయినా నింద మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. దొరసాని ఖాళీ బకెట్ వంక, నా వంక చూసి, "తాళం నీ దగ్గరే కదా?" అంది. బయట సయీద్ అడిగాడు: "ఏం వార్తలు?"

"వార్తలేం లేవు. అంతా శుభం" అన్నాను.

అతనికి అర్థమైంది. "ఎంత పెద్ద లారీ?" అన్నాడు.

రూమ్‌లో సిమెంటు బస్తాల మీద గణపతి, ఆయన మీద మా మూడు రోజుల శ్రమ. పోశెట్టి మొహం వెలిగిపోతోంది. "నువ్వు మాట నిలవెట్టుకున్నవ్ సారూ! రొట్టెలు గాల్చెటాయన కాడ ఇంకో తాళంచెవి ఉండె, పొయ్యికాడ జూసి అందరం ఖుష్ అయినం. పదహారు తెచ్చినవ్. తక్కువైన అయిదు నిన్న పొద్దుగూకేటాల్లకు సైట్ మీదికెల్లి నేను తెంపుకొచ్చి పెట్టుకున్న. పూరా ఇరవై ఒకటి!"

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు కుప్ప మీదున్న ఆఖరి కొమ్మ కనిపించింది. అదే ఆకు, అదే బూడిద బెరడు. కొనల్లో మిరియాల గుత్తుల్లా పచ్చటి కాయలు. వాటి మీద పసుపు నీళ్ల చుక్కలు.

"పోశెట్టన్నా, ఇది?"

"ఇరవై ఒకటోది. నువ్వు తెచ్చిన దాని లెక్కనే ఉంటది గని అది కాదు. దీనికి కాయలున్నయి, దానికి లేవు. రెండు వేరు గద."

పదకొండు చెట్ల కింద మోకరిల్లిన శాస్త్రానికి అది దొరకలేదు. ఆడ, మగ రెండు జాతులనుకున్న పోశెట్టికి దొరికింది. అతనికి కాస్త వృక్షశాస్త్రం వచ్చి ఉంటే, ఇదీ అదే చెట్టులే అని ఆ కొమ్మ దగ్గర ఆగి ఉండేవాడు కాడు.

చెయ్యి చాచాను. పోశెట్టి మణికట్టు పట్టుకున్నాడు, మెత్తగానే. "దేవునికి పెట్టినంక ఎట్ల తీస్తం సారూ? ఉద్వాసన గావాలె. దానికంటె ముందుగాల కథ సదవాలె. బుక్కు ఉన్నది, సదివెటోడే లేడు."

తొమ్మిదిమందిలో గడగడా చదివేవాడు లేడు. గదిలో అలా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పాలకొల్లులో ఆదివారాలు బైబిలు పాఠాలు చదివిన గొంతుతో వ్రతకథ మొదలుపెట్టాను. అది చేయని దొంగతనానికి నింద మోసినవాడి కథ. ఇంత సమయోచితంగా నేనెప్పుడూ ఏదీ చదవలేదు. గుమ్మం బయట నూనె డబ్బా మీద దొరసాని, సంగతంతా తెలిశాక, బూట్లు విప్పి కూర్చుంది. "ఇంకా ఎంత ఉంది?" అని ఒకసారి మాత్రం అడిగింది.

కొండ మీద

కథ, ఉద్వాసన అయ్యాక కూడా పూజలోని కొమ్మ తీయడానికి మనసొప్పక పోశెట్టి ఉపాయం చెప్పాడు. "గీ కొమ్మ ఎందుకు సారూ? చెట్టే చూపిస్త. పచ్చిది తెంపుకుందురు." నిమజ్జనం సాయంత్రం. తను వచ్చేదాకా ఆగమని రూమ్‌వాళ్లకు చెప్పి బండి ఎక్కాడు. కంపెనీ గేటు దగ్గర కాపలావాడితో పోశెట్టే మాట్లాడాడు. ఏం చెప్పాడో తెలియదు, గొలుసు దిగింది.

మంచులో పది అడుగుల అవతల కనపడటం లేదు. పోశెట్టి ముందు నడిచాడు, దొరసాని నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది. ఒకచోట ఆమె కాలు జారి కూలబడింది. లేపబోతే, "ముందు చెట్టు" అంది. పైకి వెళ్లేకొద్దీ ఇంజను చప్పుడు వినిపించింది. లేబర్‌కు మూడు రోజుల సెలవట. బుల్‌డోజర్‌కు రెండే.

ఎర్రమట్టి పట్టీ కొత్తగా, తడిగా, నున్నగా ఉంది. పక్కన లోయలోకి నెట్టేసిన రాళ్ల గుట్ట. అంచున చెయ్యి మందం మోడొకటి మిగిలింది. దాని మీద తెల్లటి సున్నం గుర్తు. దొరసాని రాళ్లగుట్ట దిగబోతే పోశెట్టి అడ్డంపడ్డాడు. అవతల నేల శుభ్రం చెయ్యలేదు. చుట్టుపక్కల పట్టీ పొడుగునా గంటన్నర వెతికాం. ఇంకొకటి లేదు.

పోశెట్టి మోడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "గీ గుర్తు నేనే గీసిన. ఈద్‌కు ముందట" అన్నాడు.

నాకు జోకేమీ తోచలేదు. తోచనందుకు సంతోషించాను.

"నీ దేవుడి దగ్గరున్నది ఒక్కటే ఇక మిగిలింది" అంది దొరసాని. నేను తెలుగులో చెప్పాను. పోశెట్టి లేచి పరుగులాంటి నడకతో బండి వైపు దిగాడు.

సముద్రం ఒడ్డు

క్యాంపులో రూమ్ ఖాళీ. ట్రక్కు అయిదింటి వరకే ఇచ్చారట, ఆగలేక వెళ్లిపోయారు. సయీద్ ఎడారిలో నడపని వేగంతో ఊళ్లో నడిపాడు.

వానాకాలంలో అక్కడి సముద్రం మనిషిని దగ్గరికి రానివ్వదు. మేం చేరేసరికి ఎనిమిదిమందీ మోకాళ్ల నీళ్లలో నిలబడి గణపతిని వదిలేశారు. నేను ఆలోచించలేదు. చెప్పులతో సహా పరుగెత్తి నీళ్లలో పడ్డాను. కాలవల ఊరివాణ్ణి గానీ నాకు ఈత రాదు. మొదటి అల కూలదోసింది, రెండోది తాగించింది, మూడోది ఎడమ చెప్పు తీసుకుని కుడిది వదిలేసింది. ఇద్దరు పట్టుకుని ఒడ్డుకు లాగారు. ఉప్పునీళ్లు కక్కుతూ, "ఆకులు... ఆకులు" అంటున్నాను. చరిత్ర కోసం ప్రాణం ఒడ్డిన మనిషిలా ఉన్నానని నా నమ్మకం.

ట్రక్కు దగ్గర నుంచి సయీద్ గొంతు వినిపించింది. "భాయ్, సంచి ఇక్కడే ఉంది. తీసుకెళ్లడం మరిచిపోయారట."

సిమెంటు సంచీ మూతి విప్పి పోశెట్టి కొమ్మ బయటికి తీశాడు. కాయలున్నాయి. రెండు రాలాయి, వాటిని అడుగు నుంచి ఏరాడు. కానీ ఇవ్వలేదు. పట్టుకుని నిలబడ్డాడు. రూమ్‌వాళ్లలో ఒకడు అన్నాడు, "పూజ జేసిన పత్రి నీళ్లల్ల కలపాలె గదనే. ఇరవై ఒకటిల ఒకటి తక్కువైతే ఎట్ల?"

దొరసానికి భాష తెలియదు, విషయం తెలిసింది. ఆమె అడగలేదు. తడి ఇసకలో నొప్పి మోకాలితో నిలబడి ఉంది.

పోశెట్టి నా వైపు తిరిగాడు. "సారూ, గిదీ, నువ్వు తెచ్చిందీ ఒక్కటే చెట్టంటివి గద? ఒకటి ఆడ, ఒకటి మగ?"

"అవునన్నా. ఒకటే జాతి."

"అయితే పూజల ఇరవయ్యే ఉండె. అప్పుడే ఒకటి తక్కువుండె. దేవుడు ఏమన్లే." మిగిలిన ఆకులు సంచీతో తీసుకెళ్లి నీళ్లలో కలిపి వచ్చాడు. తర్వాత కొమ్మను రెండు చేతులతో దొరసానికి ఇచ్చాడు. "ఉద్వాసన పొద్దుగాలనే అయింది. ఇగ ఇది ఆకే. ఒక్కటి జెప్పు ఆమెకు. పసుపు కడుగద్దు."

చెప్పాను. దొరసాని తల వంచి, "కడగను" అంది. అప్పటికి ఆమె కళ్లజోడు మీదంతా తడే. మంచు వల్లే అయి ఉండాలి. నేను ఇంకేమీ రాయను.

మళ్లీ సలాలా

ఏడాదికి ఆమె ఉత్తరం బర్కాకు వచ్చింది. చెట్టు లాటిన్‌లో వర్ణింపబడి అచ్చయింది. మగకొమ్మలు ఆమె మొదటిసారి లండన్ తీసుకెళ్లినవి, ఆడది మాత్రం పోశెట్టి ఇచ్చినదొక్కటే. చెట్టు శాస్త్రీయ నామంలో రెండో మాట పోశెట్టి పేరు. ఆకుల కొలతలు, కాయల కొలతలు అన్నీ అయ్యాక చివర ఒక వాక్యం రాసిందట: "కాయల మీది పసుపు మరక చెట్టుది కాదు, కడగరాదు."

ఆ ఏడు సెలవుకు ఇంటికి వెళ్లకుండా విమానం ఎక్కి సలాలా వెళ్లాను. అక్క మళ్లీ నుదురు పట్టుకు చూసింది. రోడ్డు పూర్తయింది, నల్లగా, నున్నగా. పోశెట్టి సున్నం బకెట్‌తో అవతలి కొండ మీద ఉన్నాడు. అచ్చు కాగితం చూపించి, ఇంగ్లీషు అక్షరాల్లో అతని పేరు ఎక్కడుందో వేలితో చూపించాను. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, అయినా కాగితం ముట్టుకోలేదు.

"నా పేరే?"

"నీ పేరే. ప్రపంచమంతా ఈ చెట్టును ఇక ఇలాగే పిలవాలి."

వంగి చూశాడు. "సున్నం గీసింది గూడ నేనే అని రాసిండ్రా?"

"లేదన్నా."

"అది గూడ రాయుమను సారూ. లేకుంటే చెట్టుకు అన్యాలమైతది."

రాశాను.